వందనములు చెప్పుటకు భయమేల?

ధ్యానమునకు: యోహాను సువార్త 9వ అధ్యాయము



కొన్ని నెలల క్రిందట నేనొక పట్టణపు బస్సు స్టాండులో నిలుచుండగా మా సంఘపు యౌవనస్థుడొకడు నాకెదురుపడెను. ఆదివారమున గుడిలో తబలా వాయించువాడు అతడే. క్రిస్మసు నాటకములో హేరోదు వేషము కట్టువాడును అతడే. ఊరిలోనైతే నన్ను చూచినప్పుడెల్లను, పొలము గట్టు మీదనుండియైనను, “వందనాలు అయ్యగారూ!” అని గొంతెత్తి పలుకును. ఆ దినమున అతని ప్రక్కను ఆఫీసు స్నేహితులు ముగ్గురుండిరి. అతడు నన్ను చూచి, చూపు ప్రక్కకు త్రిప్పుకొని, తప్పించుకొన వీలులేక, “నమస్తే సార్, బాగున్నారా?” అనెను. నేను నాలుగడుగులు ముందుకు పోగా, స్నేహితులలో ఒకడు “ఎవరాయన?” అని అడుగుటయు, “మా ఊరి మాష్టారు” అని అతడు చెప్పుటయు నా చెవిని పడెను.

నమస్తే అనుట పాపము కాదు. అది మర్యాదగల మాట, మన దేశస్థులందరి మాట. నాకు నొప్పి కలిగించినది ఆ మాట కాదు, దాని వెనుకనున్న వణకు. బస్సెక్కి కూర్చుండి, వచ్చు ఆదివారమున ఈ సంగతిని గూర్చి గట్టి ప్రసంగము చేయవలెనని తలంచితిని. వాక్యభాగమును కూడ ఎన్నుకొంటిని. అయితే ఊరు దాటకముందే నా మనస్సాక్షి నన్నే నిలదీసెను. ఆ ‘మాష్టారు’ అను మరుగు మొట్టమొదట వెదకుకొన్నవాడవు నీవే గదా అనెను.

సుమారు ముప్పది సంవత్సరముల క్రిందటి మాట. వేదాంత కళాశాలలో చదువు ముగించి, నాకు నియమింపబడిన మొదటి సంఘమునకు రైలులో పోవుచుంటిని. నా యెదుట నడివయస్సు రైతొకడు కూర్చుండి యుండెను. కొంతసేపటికి, “తమరేం చేస్తుంటారండీ?” అని అడిగెను. నా సంచిలో బైబిలున్నది. పెట్టెలో క్రొత్తగా కుట్టించుకొనిన తెల్లని అంగీ యున్నది. చుట్టును ఏడెనిమిదిమంది వినుచున్నారు. “పిల్లలకు పాఠాలు చెబుతుంటానండీ” అంటిని. సెలవులలో బడిపిల్లలకు బైబిలు పాఠములు చెప్పియుంటిని గనుక ఇది అబద్ధము కాదని నాకు నేనే సర్దిచెప్పుకొంటిని. ఆ రైతు తన కష్టము చెప్పసాగెను. పెద్దాసుపత్రిలో ఉన్న కుమారుని చూచి వచ్చుచున్నాడు. వైద్యులు ఆశ పెట్టుకొనవద్దని చెప్పిరట. తన స్టేషను రాగా అతడు లేచి, కండువాతో ముఖము తుడుచుకొని, “మాష్టారూ, చదువుకున్నవారు మీరు. దేవుడు మాబోటివాళ్ల మాట వింటాడంటారా?” అని అడిగెను. “వింటాడండీ” అని మాత్రమే నేను చెప్పగలిగితిని. బండి కదలిపోయెను. ఆ బిడ్డ పేరైనను నేను అడుగలేదు. మీ కొరకు ప్రార్థించెదనని చెప్పలేదు. చెప్పవలెనన్నచో నేనెవరినో ముందుగా చెప్పవలసి వచ్చును గదా!

ప్రియులారా, మన మౌనమువలన ఎవనికిని నష్టము లేదని మనము తలంచుదుము. నేనును అట్లే తలంచితిని. కాని ఆ దినమున నేను దాచినది నా పేరును గాదు, నా పదవిని గాదు. ఆకలిగొనినవాడొకడు నా యెదుట కూర్చుండగా సద్దిమూట ఒడిలో పెట్టుకొని, మూట విప్పకయే ప్రయాణము చేసితిని.

మనమెవరికి భయపడుచున్నాము?

పేతురు సంగతి తలంచుడి. తోటలో ఆయుధములతో వచ్చినవారి యెదుట కత్తి దూసిన చేయి అతనిది. ఆ రాత్రియే ప్రధాన యాజకుని యింటి ముంగిట, చలిమంట కాచుకొనుచున్నవారి నడుమ, ఒక పనిపిల్ల అడిగినందుకు బొంకెను. పిలాతు యెదుట కాదు, సైనికుల యెదుట కాదు, పనిపిల్ల యెదుట! మన భయమును ఇట్టిదే. మనలో అనేకులను ఎవడును కత్తితో బెదిరించుట లేదు. తోటి ఉద్యోగి పెదవి విరుచునేమో, అద్దె యిల్లు దొరకదేమో, మిరపకోతకు పిలుచు మేస్త్రీ రేపటినుండి పిలువడేమో, ఇట్టి చిన్న చిన్న భయములే మన నాలుకకు ముడి వేయుచున్నవి.

ఇంకొక సంగతి దాచక చెప్పుదును. మన ప్రాంతములో “నేను క్రైస్తవుడను” అని ఒకడు పలుకగానే ఎదుటివారు అతని విశ్వాసమును గాక అతని పల్లెను, అతని కులమును లెక్కకట్టుదురు. పేతురు పలుకుబడి అతడు గలిలయవాడని బయటపెట్టినట్లు, ‘వందనాలు’ అను మాట మన ఉనికిని బయటపెట్టును. గనుక మనలో అనేకులు సిగ్గుపడునది క్రీస్తును గూర్చి కాదు. లోకము మన పితరుల మీద మోపిన అవమానమును గూర్చియే. ఈ గాయము నాకును తెలియును. అయితే మన ప్రభువు ఏ ఊరివాడని పిలువబడెను? నజరేతువాడని. ఆ ఊరినుండి మంచిదేదైన వచ్చునా అని నతనయేలువంటి యథార్థవంతుడే సందేహించెను. ఆ ఊరి పేరును ఆయన దాచుకొనలేదు. చివరకు ఆయన సిలువకు పైని వ్రాయబడిన పలక మీదను ఆ ఊరి పేరుండెను. మన పల్లె పేరు చెప్పుకొనుటకు సిగ్గుపడనివాడు మనకు ప్రభువైయుండగా, ఆయన పేరు చెప్పుటకు మనము సిగ్గుపడనేల?

తలిదండ్రులును కుమారుడును

పుట్టు గ్రుడ్డివాడు చూపుపొందిన అధ్యాయమును నెమ్మదిగా చదువుడి. పరిసయ్యులు అతని తలిదండ్రులను పిలిపించి అడిగిరి. వీడు మా కుమారుడే, గ్రుడ్డివాడుగా పుట్టినమాట నిజమే అని వారు ఒప్పుకొనిరి. అంతవరకు బాగున్నది. ఎవరు చూపునిచ్చిరనగానే తప్పుకొని, వయస్సు వచ్చినవాడు గనుక అతనినే అడుగుకొనుడనిరి. యేసును క్రీస్తని ఒప్పుకొనినవారిని సమాజమందిరమునుండి వెలివేయుదుమని యూదుల పెద్దలు నిర్ణయించి యుండిరి. ఆ తలిదండ్రులను నేను తేలికగా నిందింపను. వెలి అనగా ఏమో మన పల్లెల పెద్దలకు చెప్పనక్కరలేదు.

అయినను వారు పోగొట్టుకొనినదేమో చూడుడి. కన్నబిడ్డ మొదటిసారి తమ ముఖమును చూచిన దినమది! ఆ దినమున ఇల్లంతయు పండుగ కావలసినది. దానికి మారుగా వారు కుమారుని ఒంటరిగా విడిచి, అతడెవరో అన్నట్లు ప్రక్కకు తొలగిరి. భయము వారి స్థానమును సమాజమందిరములో నిలిపినది గాని, వారి సంతోషమును వారి చేతులలోనుండి తీసివేసినది.

కుమారుని చూడుడి. అతనికి ధర్మశాస్త్ర పాండిత్యము లేదు. ఆయన ఎక్కడనున్నాడని అడుగగా తెలియదనెను. ఆయన పాపియా అని అడుగగా అదియు తనకు తెలియదనెను. తనకు తెలిసినది ఒక్కటే: నిన్నటివరకు తనకు చూపు లేదు, నేడున్నది. మనలో అనేకులు నోరు తెరువకపోవుటకు కారణము, ఎదుటివారు ప్రశ్న వేసినయెడల జవాబు రాదను భయమే. ఈ భిక్షగాడు తెలియనిదానిని తెలియదని సిగ్గుపడక చెప్పెను. తెలిసినదానిని తెలియదని మాత్రము చెప్పలేదు. అతని తలిదండ్రులు చేసినది ఆ రెండవ పని.

మరియొక విశేషమును గమనించుడి. మొదట పొరుగువారితో అతడు ‘యేసు అను ఒక మనుష్యుడు’ అని చెప్పెను. తరువాత పరిసయ్యులతో ఆయన ప్రవక్త అనెను. ఇంకను వారు ఒత్తిడి చేయగా, ఆయన దేవుని యొద్దనుండి వచ్చినవాడు కానియెడల ఈ పని చేయలేడని వాదించెను. తుదకు ఆయన పాదముల యొద్ద విశ్వాసముతో మ్రొక్కెను. చూచితిరా? అతని విశ్వాసము చెప్పకొలది పెరిగినది. ధైర్యము వచ్చిన తరువాత సాక్ష్యము చెప్పుదమని మనము కనిపెట్టుకొని యుందుము. ఆ ధైర్యము ఎన్నడును రాదు. బావిలోని ఊట తోడినకొలదియే ఊరునట్లు, తెలిసినంత చెప్పినవానికే చెప్పు ధైర్యము కలుగును. వారతనిని వెలివేసిరి. యేసు ఆ సంగతి విని అతనిని వెదకి కనుగొనెను. వెలివేయబడినవానిని వెదకుచు వచ్చిన ప్రభువాయన.

మన పితరుల నోరు

మనకు ఈ సువార్త ఎట్లు వచ్చెనో మరచిపోవద్దు. దొరలు వచ్చి ప్రసంగించుటచేతనే వచ్చెనని పిల్లలు తలంచుచున్నారు. ఒంగోలు ప్రాంతపు చరిత్రను చూడుడి. తోళ్ల వ్యాపారము చేసికొనుచు ఊరూర తిరిగిన యెర్రగుంట్ల పేరయ్యగారు 1866లో బాప్తిస్మము పొందిరి. ఆయన మాదిగ కులస్థుడు, పెద్ద చదువు లేనివాడు. తాను కనుగొనినదానిని తన బంధువులకును, తోళ్లు అమ్మువారికిని, చెప్పులు కుట్టుచు కూర్చున్నవారికిని చెప్పెను. క్లౌ దొరగారు ఒంగోలులో 1867 జనవరి 1న సంఘమును స్థాపించినప్పుడు సభ్యులు ఎనిమిదిమంది మాత్రమే. 1876 మొదలు 1878 వరకు ఘోరమైన కరువు వచ్చెను. అన్నము కొరకు ఎవడును పేరు మార్చుకొనకుండునట్లు దొరగారు ఆ కాలమున బాప్తిస్మములు ఆపివేసిరి. అయినను 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటి వద్ద ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇంతమందికి ఎవరు చెప్పిరి? చాలవరకు ఒకరికొకరు చెప్పుకొనిరి. ఆదివారమున పని చేయమనియు, చచ్చిన పశువు మాంసము తినమనియు, జాతరలో డప్పు కొట్టమనియు చెప్పినందుకు వారిలో అనేకులకు కూలి పోయెను, నీళ్లు తెచ్చుకొను దారులు మూయబడెను. వారు వీరులై పుట్టలేదు. తెలిసినంత చెప్పుచు వీరులైరి.

1912లో దోర్నకలు బిషపుగా అభిషేకింపబడిన వేదనాయకం సామ్యేలు అజరయ్యగారు బాప్తిస్మము పొందినవారిచేత వారి చేతిని వారి తలమీదనే పెట్టించి, సువార్త చెప్పకున్న తనకు శ్రమయని పౌలు తన్ను గూర్చి వ్రాసికొనిన మాటను పలికించెడివారు. ఆ పలికినవారిలో అనేకులు అక్షరము రాని కూలివారు. పాదిరిగారి పని పాదిరిగారు చేయును, మా పని మేము చేయుదుమని ఆయన వారికి నేర్పలేదు. నీళ్లు పడిన తలయే సాక్ష్యపు బరువు మోయవలెనని నేర్పిరి.

కాగితమొక పేరు, గుడి యొక పేరు

బస్సులో ఎన్నుకొనిన ప్రసంగమును నేను చేయలేదు. దానికి మారుగా ఆ యౌవనస్థుని యింటికి పోయి, నా రైలు సంగతి ముందుగా చెప్పితిని. అతడు చాలసేపు తల వంచుకొని, “సిగ్గు కాదండీ అయ్యగారూ, భయం. నా సర్టిఫికెట్‌లో మతం వేరే ఉంది. ఎవరన్నా కంప్లైంట్ పెడితే నా ఉద్యోగం పోతుంది. అమ్మకు మందులు నా జీతంతోనే కదండీ” అనెను.

ఈ సంగతిని మనము గుడిలో పెదవి కొనలతో మాటలాడుదుము గాని వెలుగులో మాటలాడము. నేడు మాటలాడుదము. 1950లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము హిందూ మతము గాక వేరొక మతమును అవలంబించువారు షెడ్యూల్డు కులస్థులుగా ఎంచబడరు. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును ఆ మేలు విస్తరింపజేయబడెను. క్రైస్తవులకు కాలేదు. ఆ కులములనుండి క్రైస్తవులైనవారు మన తెలుగు రాష్ట్రములలో వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గములో ఒక్క శాతపు పాలు పొందుదురు. బాప్తిస్మమువలన పల్లె మారలేదు, పేదరికము మారలేదు, చూపులు మారలేదు, కాగితము మాత్రము మారెను. దీనిని మార్చవలెనని మనవారు దశాబ్దములుగా ప్రభుత్వమును అడుగుచున్నారు. అడుగుట న్యాయమే.

అయితే ఈ రెండు పేర్ల బ్రతుకు మన నాలుకకు చేయుచున్న హాని ఏమి? ఒక చోట కాదన్నవాడు మరియొక చోట అవునని గట్టిగా చెప్పలేడు. కాగితము భద్రము కొరకు ప్రారంభమైన మౌనము, కాగితముతో పనిలేని చోటులకు కూడ ప్రాకును. తోటివాని దుఃఖము యెదుటను, రోగి మంచము యెదుటను, తుదకు మన బిడ్డల యెదుటను మనము మూగవారమగుదుము. అసత్యముగా వ్రాసియిచ్చుట సరియని నేను చెప్పలేను. అట్లు చెప్పినయెడల కాపరిని కాను. అయితే రాళ్లు విసరుటకును నాకు చేయి రాదు. నయమాను తాను తిరిగిపోయిన తరువాత రాజుతోకూడ రిమ్మోను గుడిలో వంగవలసి వచ్చునని ఎలీషాకు ముందుగానే చెప్పుకొనెను. ప్రవక్త దానిని మెచ్చుకొనలేదు, అతనిని తరుమలేదు, సమాధానముతో పంపివేసెను. నయమాను చేసిన మంచి పని ఏమనగా, తన చిక్కును దేవుని సేవకుని యొద్ద దాచకపోవుట. మీరును మీ చిక్కును దేవుని యొద్దను, మీ సంఘము యొద్దను దాచవద్దు.

సంఘ పెద్దలారా, మీతోను ఒక మాట. “నిజము చెప్పు” అని పడుచువానికి ఆజ్ఞాపించి, వాడు నష్టపోయిన దినమున మనము ఇండ్లకు పోయి తలుపులు వేసికొనిన, మనము పరిసయ్యులకంటె మేలైనవారము కాము. మన తల్లులు వండునప్పుడెల్లను పిడికెడు బియ్యము దేవునికని తీసిపెట్టిరి. ఆ పిడికెడు బియ్యముతో గుడులు కట్టబడినవి. నిజము చెప్పి నష్టపోయిన బిడ్డ చదువుకు, వాని తల్లి మందులకు మరియొక పిడికెడు తీయలేమా? ధైర్యము ఒంటరివాని మీద వేయదగిన పన్ను కాదు. అది సంఘమంతయు కలిసి మోయవలసిన కాడి.

ఏమి చెప్పవలెను? ఎట్లు చెప్పవలెను?

మొదటిది, మీకు తెలిసినంతే చెప్పుడి. మా సంఘములో ఒక ముసలి తల్లి యున్నది. ఆమెకు చదువు రాదు. ఎదిగిన కొడుకును మట్టికి అప్పగించినది. ఒకనాడు మిరపకోతలో తోటి స్త్రీ, “కొడుకు పోయినా నీకు పాటలెట్లా వస్తయి అక్కా?” అని అడిగినదట. “వాణ్ణి ఎందుకు తీసుకుపోయాడో నాకు తెలవదమ్మా. రాత్రిళ్లు నేను ఏడిస్తే నా పక్కన ఆయనుండేది మాత్రం నాకు తెలుసు” అని ఈమె చెప్పినది. నేను కళాశాలలో నేర్చిన వేదాంతమంతయు ఆ మిరపచేనిలో చిన్నదాయెను.

రెండవది, ఎవరిని నిందింపక చెప్పుడి. ఎఫెసు పట్టణములో పౌలు అనుచరుల మీద జనులు లేచినప్పుడు, వీరు మన దేవతను దూషించినవారు కారని ఆ ఊరి అధికారియే సాక్ష్యమిచ్చెను. పొరుగువాని పూజను వెక్కిరించుట సాక్ష్యము కాదు. అతడు అడుగకముందే అతనిని తరుముకొని పోవుటయు సాక్ష్యము కాదు. మతమును అవలంబించుటకును, ఆచరించుటకును, ప్రచారము చేయుటకును మన రాజ్యాంగపు 25వ అధికరణము ప్రతి మనుష్యునికి స్వేచ్ఛనిచ్చినది. అది మనకున్నట్లే మన పొరుగువానికిని ఉన్నదని మరువరాదు.

మూడవది, మీ నడత మీ నోటికి అడ్డుగా నిలిచియున్నదేమో చూచుకొనుడి. కొట్టులో బాకీ ఎగవేసినవాడు ఆ కొట్టువాని యెదుట ప్రభువు పేరు ఎత్తలేడు. అట్టివానికి కావలసినది ధైర్యము కాదు. ముందుగా బాకీ తీర్చవలెను. తీర్చిన దినమున నాలుక దానంతట అదే తిరుగును.

నాలుగవది, ఆలస్యమైనదని నిరాశపడవద్దు. అన్యుల యింటి కోడలుగా నుండి గుట్టుగా ప్రార్థించుకొను చెల్లీ, నీకును ఈ మాట. నీకొదేము మొదట రాత్రివేళ వచ్చెను. తరువాత ఒకనాడు సభలో ప్రభువు పక్షముగా సగము మాట పలికి, గద్దింపు పొందెను. తుదకు శిష్యులే పారిపోయిన దినమున సుగంధ ద్రవ్యములు మోసికొని సిలువ యొద్దకు వచ్చెను. రాత్రి వచ్చినవానిని ప్రభువు తలుపు వేసి పంపివేయలేదు. నీ నెమ్మదియైన అడుగులను ఆయన యెరుగును.

పనిపిల్ల యెదుట బొంకిన పేతురే వృద్ధాప్యమున తన మొదటి పత్రికలో, మీ నిరీక్షణకు హేతువేమని అడుగువారికి సాత్వికముతో సమాధానము చెప్ప సిద్ధముగా నుండుడని వ్రాసెను. చలిమంట యొద్ద ఓడినవానిని ప్రభువు తిబెరియ సముద్రతీరమున మరియొక నిప్పుల యొద్దనే కూర్చుండబెట్టి మరల పిలిచెను. ఓడిన చోటనే ఆయన మనలను మరల నిలువబెట్టును.

ఆ యౌవనస్థుడు ఏమాయెనని మీరడుగుదురు. అతని కాగితపు చిక్కు ఇంకను తీరలేదు. దానిని గూర్చి అతడును, నేనును, మా పెద్దలిద్దరును కలిసి ప్రార్థించుచున్నాము. అయితే మొన్న ఒక సాయంకాలము అతడు నా యింటికి వచ్చి, “మా ఆఫీసు స్నేహితుడి తల్లికి బాగోలేదండీ. మా అయ్యగారితో ప్రార్థన చేయిస్తానని అతనికి చెప్పాను” అనెను. మా అయ్యగారు! బస్సు స్టాండులో మాష్టారునైన నేను ఆ స్నేహితుని యెదుట అయ్యగారినైతిని. ఆ మాట చెప్పునప్పుడు గొంతు వణకెనా అని అడిగితిని. వణకెననియే చెప్పెను. వణకుచునే చెప్పెను. చాలును.

ప్రియ చదువరులారా, ఈ వారము మీ యెదుట కూర్చుండువాడెవడు? అతని బిడ్డ పేరు అడుగుడి. నేను అడుగలేదు. నేటికిని ఆ రైతు బిడ్డ కొరకు పేరు లేకయే ప్రార్థించుచున్నాను.

యెరూషలేములోని ఆది సంఘము బెదిరింపులను విని, ఆ బెదిరింపులను తొలగించుమని ప్రార్థింపలేదు. ధైర్యముతో మాటలాడు కృపనిమ్మని ప్రార్థించినది. మనమును అట్లే ప్రార్థింతము.

ప్రభువా, మా పల్లెను చూచి నీవు సిగ్గుపడలేదు. నీ నామమును గూర్చి మేము సిగ్గుపడకుండునట్లు సహాయము చేయుము. మాకు తెలిసినంత, మా పొరుగువానికి మేలగునంత, ప్రేమతో చెప్పు నోటిని మాకు దయచేయుము. నిజము చెప్పినవానిని ఒంటరిగా విడువని సంఘముగా మమ్మును కట్టుము. ఆమేన్.